ఎండాకాలం కరెంటు బిల్లు గురించి
అందరికీ నమస్తే అండి, ఎండలు ముదురుతున్నయి కాబట్టి ఒక మాట. గృహజ్యోతి (తెలంగాణ ప్రభుత్వ ఉచిత కరెంటు పథకం) ఉన్నోళ్లు నెలకి 200 యూనిట్లు దాటకుండా చూస్కోండి, దాటితే జీరో బిల్లు పోయి మొత్తం కట్టాల్సొస్తది. ముందు ఫ్యాన్లు చూడండి, పాత ఫ్యాన్ ఫుల్ స్పీడ్‌లో 75 వాట్ల దాకా లాగుతది, బీఎల్‌డీసీ ఫ్యాన్ (తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం మోటారుది) 30 వాట్ల చుట్టూనే, రోజంతా తిరిగే హాల్ ఫ్యాన్ ఒక్కటి మార్చినా తేడా తెలుస్తది, రేటు ఎక్కువే గానీ నన్నడిగితే అన్నిటికన్నా ముందు పెట్టాల్సిన ఖర్చు ఇదే. ఏసీ 18లో ఎందుకండి, 24-26లో పెట్టి ఫ్యాన్ నెమ్మదిగా వేస్కోండి, ఫిల్టర్ కడగండి. 2000 వాట్ల గీజర్ అరగంటకే ఒక యూనిట్ తినేస్తది, ఇప్పుడెట్లాగూ ట్యాంకు నీళ్లే వేడిగా వస్తున్నయి, ఆపేయండి. మన బిల్డింగ్ మెట్ల దగ్గర ఇంకా పాత ట్యూబ్‌లైట్లే ఉన్నయి, ఎల్‌ఈడీలు వేయిద్దామా, అందరూ చెప్పండి.