మెంటార్‌ను కేటాయించగానే పని అయిపోదు

సంపాదకుల వారికి,

కొత్తగా చేరిన ఉద్యోగులకు మెంటార్‌ను, అంటే దారి చూపే సీనియర్‌ను, కేటాయించడం ఇప్పుడు చాలా ఆఫీసుల్లో మామూలైంది. హెచ్‌ఆర్ నుంచి జంటల జాబితా వస్తుంది, ఇద్దరూ ఒకసారి కలుస్తారు, రెండో మీటింగ్ వాయిదా పడుతుంది, మూడోది జరగనే జరగదు. సీనియర్‌కు తీరిక లేదని సరిపెట్టుకుంటాం. అసలు చిక్కు మాత్రం జూనియర్ అడిగే ప్రశ్నలో ఉంది.

"నేను ఎదగాలంటే ఏం చేయాలి?" అని అడిగితే ఎంత అనుభవం ఉన్నవారైనా "కష్టపడు, నేర్చుకుంటూ ఉండు" అనే అంటారు. "మొన్నటి ప్రజెంటేషన్‌లో ఎనిమిదో స్లైడ్ దగ్గర అందరూ మౌనంగా ఉండిపోయారు. ఖర్చు లెక్క ముందే పెట్టాల్సిందేమో అనిపించింది, మీరైతే ఏ వరసలో పెట్టేవారు?" అని స్లైడ్లు తెరిచి చూపిస్తే అరగంట మాట కూడా చాలదు. ఇంటి నుంచి పనిచేసేవారికి ఇది మరీ అవసరం. పక్క సీటు నుంచి చూసి నేర్చుకునే వీలు వాళ్లకు లేదు కదా.

మూడు వారాలకోసారి, 45 నిమిషాలు చాలు. తేదీ ఖాయం చేయాల్సింది జూనియరే. రెండు రోజుల ముందు నాలుగు వాక్యాలు పంపాలి: పోయినసారి ఏమనుకున్నాం, ఏం చేశాను, ఏమైంది, ఇప్పుడు ఏం అడగాలి. చివరి ఐదు నిమిషాల్లో, తర్వాత చేయాల్సిన ఒక్క పనిని గడువుతో సహా రాసుకోవాలి.

అప్రైజల్ రాసే మేనేజర్‌ను మాత్రం మెంటార్‌గా పెట్టకండి. మార్కులు వేసేవారి ముందు ఎవరూ తమ తప్పులు విప్పి చెప్పరు. ఇక్కడి మాట బయటికి పోదని మొదటి రోజే ఇద్దరూ నోరు తెరిచి అనుకోవాలి. మెంటార్లు కూడా సలహాకు తొందరపడకుండా "నువ్వేం ప్రయత్నించావు?" అని ముందు అడగాలి. పదేళ్ల కిందట తాము నడిచిన దారి ఇప్పుడు మూసుకుపోయి ఉండొచ్చు.

ఇంకో పొరపాటు, ప్రమోషన్ సిఫారసును మెంటార్ నుంచి ఆశించడం. నిర్ణయాలు జరిగే గదిలో మన పేరు ఎత్తేవారు స్పాన్సర్. పని చూసి నమ్మకం కుదిరాక మెంటారే స్పాన్సర్ కావచ్చు. రెండో మీటింగ్‌లోనే అడిగితే ఉన్న చనువు కూడా పోతుంది.

పరిశోధకురాలు కేథీ క్రామ్ 18 మెంటార్-జూనియర్ జంటలను పరిశీలించి 1983లో ప్రచురించిన పరిశోధనలో ఈ బంధానికి నాలుగు దశలు చెప్పారు: మొదలవడం, బలపడడం, విడిపోవడం, కొత్త రూపం తీసుకోవడం. మొదటి దశకే ఆరు నెలల నుంచి ఏడాది పడుతుందన్నారు. విడిపోవడం కూడా అందులో భాగమే, దాన్ని వైఫల్యంగా చూడనక్కర్లేదు.

కాబట్టి సంస్థలకు మా విన్నపం ఇది. మూడో నెలలో ఇద్దరినీ విడివిడిగా అడగండి. కుదరలేదంటే కారణం గుచ్చి గుచ్చి అడగకుండా జంట మార్చండి.

– ఉద్యోగుల శిక్షణ రంగంలో పనిచేస్తున్న కొందరు పాఠకులు