ఐసీఎంఆర్ డైరెక్టర్ జనరల్ గారికి బహిరంగ లేఖ: కీళ్లవాతం టీకా పరిశోధన మన దగ్గరా జరగాలి

గౌరవనీయులైన డైరెక్టర్ జనరల్ గారికి,

కీళ్లవాతంలో ఒక రకమైన రుమటాయిడ్ ఆర్థరైటిస్‌లో మన రోగనిరోధక వ్యవస్థే మన కీళ్లపై దాడి చేస్తుంది. ఆ దాడిని అణచే మందులు వాడే వాళ్లకు ఇన్ఫెక్షన్ల టెన్షన్ కూడా ఉంటుంది.

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ రంజెనీ థామస్ బృందం వేరే దారి పట్టింది. రోగి రక్తం నుంచే డెండ్రిటిక్ కణాలు (దేనిపై దాడి చేయాలో, దేన్ని వదలాలో రోగనిరోధక వ్యవస్థకు చూపించేవి) తయారుచేసి, సిట్రులినేటెడ్ పెప్టైడ్లు (ఈ జబ్బులో శరీరం శత్రువులనుకునే, కాస్త మార్పు చెందిన ప్రొటీన్ ముక్కలు) చేర్చి, తిరిగి అదే రోగికి ఒక్క ఇంజెక్షన్‌గా ఇచ్చారు. ఈ పెప్టైడ్లను శత్రువులుగా చూడొద్దని శరీరానికి నేర్పడమే ఉద్దేశం. 2015లో వచ్చిన తొలి దశ ఫలితాల్లో టీకా తీసుకున్నది 18 మందే. జబ్బు నయమవుతుందని దాన్నిబట్టి చెప్పలేం. కానీ సురక్షితంగా కనిపించింది, నాకు అదే పెద్ద ఆశ.

ఒక్కో రోగికి విడిగా తయారుచేయడం కష్టం, ఖరీదు. అందుకే అదే బృందం తర్వాత లైపోజోముల (మందును మోసుకెళ్లే అతి చిన్న కొవ్వు బుడగల) పద్ధతికి వెళ్లింది. టీకాల తయారీలో పేరున్న హైదరాబాద్ జీనోమ్ వ్యాలీ ఈ పని అందుకోగలదు. దయచేసి దీనికి ప్రత్యేక గ్రాంటు ప్రకటించండి. రక్త నమూనాలతో రోగుల రిజిస్ట్రీ కూడా మొదలుపెట్టండి.