లండన్ అద్దెలు, నా హెచ్ఆర్ఏ

సంపాదకుడికి,

అయ్యా,

గత ఆదివారం మీ పత్రికలో లండన్ నుంచి ఒక పాఠకుడు రాసిన లేఖ చదివాను. తన జీతంలో కొంత పన్నుకు, మిగిలినదాంట్లో సగం అద్దెకు పోతోందని, ఏ పనీ చేయనివాళ్లకు మాత్రం ప్రభుత్వం హౌసింగ్ బెనిఫిట్ (అద్దె సాయం) పేరుతో నగరం నడిబొడ్డున ఇల్లు చూపిస్తోందని ఆయన బాధ. బాధ నిజమైనదే, లెక్కే తప్పు. ముప్పై మూడేళ్లు ట్రెజరీలో బిల్లులు చూసినవాడిని, తప్పు లెక్క కంటబడితే ఎర్రసిరా కలం తీయకుండా ఉండలేను. పైగా ప్రస్తుతం నేనూ లండన్‌లోనే, ఈస్ట్ హామ్‌లో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను.

ముందు నా సంగతి ఒకటి ఒప్పుకోవాలి. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఇంటి అద్దె భత్యం (హెచ్ఆర్ఏ) తీసుకున్నాను. 2015 వేతన సవరణ తర్వాత హైదరాబాద్‌లో పనిచేసే మాకు అది మూలవేతనంలో 30 శాతం. అప్పటికే నేను నల్లకుంటలో సొంత ఇంట్లో ఉంటున్నాను, పై వాటా అద్దెకు కూడా ఇచ్చాను. అంటే కట్టని అద్దెకు సర్కారు సొమ్ము పుచ్చుకుంటూ, రావలసిన అద్దె వసూలు చేసుకుంటూ ఉన్నానన్నమాట. నిబంధనల ప్రకారం అందులో తప్పేమీ లేదు, క్వార్టర్స్‌లో లేని ఉద్యోగులందరికీ ఇచ్చేదే. ఆ మాటకొస్తే హెచ్ఆర్ఏ పెరిగిన నెలలో మా ఆవిడ పాయసం కూడా చేసింది. చుట్టాల్లో ఎవరూ నన్ను పన్ను కట్టేవాళ్ల మీద పడి తింటున్నానని అనలేదు. మా పై వాటాలో ఉన్న ఆటో డ్రైవరుకు మాత్రం అద్దె భత్యం ఇచ్చే ప్రభుత్వం ఏదీ లేదు.

ఇది ఎందుకు చెబుతున్నానంటే, మొన్న ఇల్‌ఫర్డ్‌లో మా అల్లుడి స్నేహితుడొకరు భోజనానికి పిలిచారు. పది పన్నెండు తెలుగు కుటుంబాలు. పులిహోర వడ్డించేలోపే మాట బెనిఫిట్ల మీదికి మళ్లింది. పిల్లల్ని కంటే చాలట, ఇల్లు వచ్చేస్తుందట. మనవాళ్లు రాత్రింబవళ్లు పనిచేస్తుంటే వాళ్లు సోఫాలో కూర్చుని తింటున్నారట. అందరికన్నా గట్టిగా మాట్లాడింది ఆతిథ్యమిచ్చిన పెద్దమనిషే. భోజనాలయ్యాక వరండాలో నాతో చాలా గర్వంగా చెప్పారు: ఆయనకు ఇంకో ఇల్లుంది, దాన్ని ఇల్లు లేని కుటుంబాల కోసం కౌన్సిల్‌కు, అంటే ఇక్కడి మునిసిపాలిటీకి, ఇచ్చారు, రాత్రికి ఇంత అని లెక్క, మామూలు అద్దె కంటే బాగా ఎక్కువ, ఏ నెలా ఆలస్యం కాదు.

ట్రెజరీలో చేరిన కొత్తలో మా సూపరింటెండెంటు గారు నేర్పిన మొదటి పాఠం, బిల్లు ఎవరి పేరున ఉందో కాదు, చెక్కు ఎవరి పేరున పోయిందో చూడమని. హౌసింగ్ బెనిఫిట్ బిల్లు మీద ఉండేది పేద కుటుంబం పేరు. చెక్కు మాత్రం చివరికి ఇంటి యజమాని ఖాతాలోకే చేరుతుంది. అద్దెదారు చేతిలో ఆ డబ్బు నిలిచేది ఒకటి రెండు రోజులు, చాలాసార్లు అదీ ఉండదు. అటువంటప్పుడు తిన్నది ఎవరు?

ఇక ఆ పాఠకుడు రాసిన "నడిబొడ్డున ఇల్లు" సంగతి. 2010 బడ్జెట్ ప్రసంగంలో అప్పటి బ్రిటన్ ఆర్థిక మంత్రి జార్జ్ ఆస్బర్న్, ఏడాదికి 1,04,000 పౌండ్ల హౌసింగ్ బెనిఫిట్ తీసుకుంటున్న కుటుంబాలున్నాయని చెప్పారు. పత్రికలు దాన్ని పండగ చేసుకున్నాయి. అలాంటి కుటుంబాలు దేశం మొత్తం మీద వేళ్ల మీద లెక్కపెట్టేటన్నేనని తర్వాత తేలింది కానీ, ఆ వార్తను గుర్తుపెట్టుకున్నవాళ్లు తక్కువ. పదిహేనేళ్ల కిందటి ఆ అంకె ఇప్పటికీ మన భోజనాల బల్లల దగ్గర తిరుగుతోంది.

ఈలోగా నిజంగా జరిగినది వేరు. 2011 నుంచి ప్రైవేటు ఇళ్లకిచ్చే అద్దె సాయాన్ని ఆ ప్రాంతంలో అన్నిటికన్నా చవకైన 30 శాతం ఇళ్ల అద్దెకు మాత్రమే సరిపోయేలా తగ్గించారు. అంతకుముందు అది సరిగ్గా మధ్య అద్దె దగ్గర ఉండేది. 2012 నుంచి ముప్పై అయిదేళ్ల లోపు ఒంటరివాళ్లలో చాలామందికి ఒక గది అద్దె మాత్రమే. 2013లో కుటుంబానికి మొత్తం బెనిఫిట్లన్నీ కలిపి ఏడాదికి 26,000 పౌండ్లు దాటకూడదని పరిమితి పెట్టారు. 2016లో దాన్ని లండన్‌లో 23,000కు దించి, 2023లో 25,323 చేశారు. పదేళ్లు ధరలు పెరిగాక కూడా పరిమితి మొదటి అంకెను అందుకోలేదు. నెలకు లెక్క కడితే 2,110 పౌండ్లు: తిండి, కరెంటు, పిల్లల బట్టలు, అద్దె, అన్నీ అందులోనే. 2025లో లండన్‌లో సగటు ప్రైవేటు అద్దె ఒక్కటే 2,200 దాటింది. పని దొరకని, వైకల్య భత్యం లేని కుటుంబం ఈ కూడిక ఎలా సరిచేస్తుందో ఆ పాఠకుడే చెప్పాలి.

సరిచేయలేకే ఊరు వదిలి వెళ్తున్నారు. మేముంటున్న ఈస్ట్ హామ్, లండన్‌లోని న్యూహామ్ అనే బరో (సొంత కౌన్సిల్ ఉన్న విభాగం) కిందికి వస్తుంది. 2012లో ఈ కౌన్సిల్ తన దగ్గర ఇళ్లు లేవని, 500 కుటుంబాల వరకు తీసుకోగలరా అని స్టోక్-ఆన్-ట్రెంట్‌లోని ఒక గృహ సంస్థకు ఉత్తరం రాసింది. హైదరాబాద్‌లో అద్దె కట్టలేకపోతే విజయవాడ వెళ్లి ఉండమన్నట్టు, ఇంచుమించు అంత దూరం. మరుసటి ఏడాది ఇదే బరోలోని స్ట్రాట్‌ఫర్డ్ హాస్టల్‌లో ఉన్న చంటిపిల్లల తల్లులను మాంచెస్టర్, బర్మింగ్‌హామ్, హేస్టింగ్స్‌లకు పొమ్మంటే వాళ్లు ఎదురు తిరిగారు. ఆ స్ట్రాట్‌ఫర్డ్‌లోనే జరిగిన ఒలింపిక్ క్రీడలు ముగిసి అప్పటికి సంవత్సరం కూడా నిండీ నిండలేదు. పేదలను, జాతి ప్రక్షాళన జరిగిన కొసోవోలోలాగా, నగరం నుంచి తరిమేయనివ్వనని 2010లో అన్నది కూడా ఎవరో వామపక్షవాది కాదు, అప్పటి లండన్ మేయర్ బోరిస్ జాన్సన్.

పని చేయనివాళ్లు అన్న మాట కూడా సరిచూడాలి. మా పక్క ఫ్లాట్‌లో బంగ్లాదేశ్‌లోని సిల్హెట్ నుంచి వచ్చిన పెద్దావిడ ఉంటారు. ఆమె కూతురు, పెద్ద పెద్ద బ్యాంకులుండే కానరీ వార్ఫ్‌లో ఆఫీసులు శుభ్రం చేస్తుంది. తెల్లవారుజామున నాలుగున్నరకు బస్సెక్కుతుంది. ఇద్దరు పిల్లలు. జీతం చాలక, అద్దెలో కొంత యూనివర్సల్ క్రెడిట్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ప్రభుత్వమిచ్చే సాయం) ద్వారా వస్తుంది. కొంత మినహాయింపు పోగా జీతం ఒక పౌండు పెరిగితే సాయంలో 55 పెన్నీలు కోస్తారు. నా సర్వీసులో ఎంత పెద్ద అధికారి మీదా అంత శాతం ఆదాయ పన్ను పడగా చూడలేదు.

సాయం వల్లే అద్దెలు పెరుగుతున్నాయి కదా అని అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే, నాకూ ఆ అనుమానం ఉండేది. అయితే 2011 కోతను పరిశీలించిన ఇక్కడి ఇన్‌స్టిట్యూట్ ఫర్ ఫిస్కల్ స్టడీస్ అనే పరిశోధన సంస్థ, తగ్గిన సాయంలో చాలా భాగం అద్దెదారుల మీదే పడిందని, యజమానులు అద్దె పెద్దగా తగ్గించలేదని తేల్చింది. సాయం తీసేస్తే అద్దె దిగదు, మనిషే దిగిపోతాడు. ఈ ఏర్పాటు పొరపాటున వచ్చినది కూడా కాదు. 1989 నుంచి కొత్త అద్దెల మీద నియంత్రణ ఎత్తేశారు. మార్కెట్ అద్దె కట్టలేనివాళ్ల భారం హౌసింగ్ బెనిఫిట్ మోస్తుందని 1991లో గృహ శాఖ మంత్రి జార్జ్ యంగ్ పార్లమెంటులోనే చెప్పారు. ఇళ్లు కట్టే ఖర్చు తగ్గించుకుని అద్దెలు కట్టే ఖర్చు నెత్తినేసుకున్నారు. ఆ ఖర్చు ఇప్పుడు ఏటా మూడు వేల కోట్ల పౌండ్ల స్థాయిలో ఉంది.

ఆ పాఠకుడి కోపానికి కారణం నాకు అర్థమవుతుంది. మా అమ్మాయి, అల్లుడు వర్క్ వీసా మీద ఉన్నారు. ఆ వీసా మీద ప్రభుత్వ నిధుల నుంచి ఏ సాయమూ ముట్టకూడదని షరతు ఉంది. పన్ను కట్టాలి, ఉద్యోగం పోతే మాత్రం అరవై రోజుల్లో కొత్త స్పాన్సర్‌ను వెతుక్కోవాలి లేదా పెట్టె సర్దుకోవాలి. కడుపు మండుతుంది. మండవలసిన దిక్కు ఏదన్నదే నా పేచీ.

మా వాళ్ల ఫ్లాటుకు నెలకు 1,600 పౌండ్లు. రెండు గదులు, గోడకు చెమ్మ. పక్కావిడ ఫ్లాటూ అచ్చం ఇదే కొలత, ఇదే కిటికీ. ఆమె కట్టేది ఆరు వందల లోపు. మొదట్లో నాకూ మండింది. ఆమెకెందుకు అంత చవక అనుకున్నాను. ఒక రోజు మెట్ల మీద కలిసినప్పుడు, నా వచ్చీరాని హిందీలో మాట్లాడుకుంటూ మా అద్దె ఎంతో చెప్పాను. ఆమె చేతి సంచీ కింద పెట్టి, "అది కూడా కౌన్సిల్ ఇల్లే కదా!" అన్నారు. నిజమే, కౌన్సిల్ కట్టి తక్కువ అద్దెకిచ్చిన ఇల్లే. కౌన్సిల్ ఇళ్లను వాటిలో అద్దెకున్నవాళ్లు కొనుక్కునే హక్కునిచ్చిన 1980 చట్టం వచ్చాక అందులో ఉన్నవాళ్లు తక్కువ ధరకు కొనుక్కున్నారు, తర్వాత అమ్మేశారు, అది రెండు చేతులు మారి ఇప్పటి యజమానికి వచ్చింది. లండన్‌లో అలా అమ్ముడైన కౌన్సిల్ ఫ్లాట్లలో పదింట నాలుగు ఇవాళ ప్రైవేటు అద్దెకే ఉన్నాయి. ప్రజల సొమ్ముతో కట్టిన గోడలకే మా అమ్మాయి వెయ్యి పౌండ్లు ఎక్కువ కడుతోంది.

మీ పాఠకుడు కూడా తానుంటున్న భవనం ఎప్పుడు ఎవరు కట్టారో ఒకసారి కనుక్కోవాలని నా మనవి. కౌన్సిల్‌ది అని తేలితే మీ పత్రికకు ఇంకో లేఖ రాయమనండి. నేను హైదరాబాద్ తిరిగి వెళ్లేది వచ్చే నెల ఇరవై తర్వాత. ఈలోగా వేస్తే ఇక్కడే చదువుకుంటాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ట్రెజరీ ఉద్యోగి,
నల్లకుంట, హైదరాబాద్
(ప్రస్తుతం ఈస్ట్ హామ్, లండన్)