జన్యువులు మారవండీ, మూగబోతాయంతే

ఎడిటర్ గారికి నమస్కారం.

మొన్న మీ పేపర్లో ఆంత్రాక్స్ మీద, అదే మా వైపు దొమ్మరోగం అంటారే దాని మీద, వచ్చిన ఐటమ్‌కి "మనిషి జన్యువుల్నే మార్చేసే విషం" అని హెడ్డింగ్ పెట్టారు, ఎవరు పెట్టారో గానీ ఆ మాట తప్పండి. నర్సీపట్నంలో నాది మెడికల్ షాపు, డిగ్రీలో మైక్రోబయాలజీ చదివాను. పొద్దున్నే షట్టర్ తీసేసరికి మేకలు పెంచే ఒక పెద్దాయన ఆ పేపర్ మడిచి పట్టుకుని నిలబడున్నాడు, మనవడు చదివి వినిపించాడట. "బాబూ, దొమ్మరోగం మేకని తిన్నోళ్ళకి పుట్టబోయే పిల్లలక్కూడా వచ్చేస్తాదేటి?" అన్నాడు. కోడలు నీళ్ళోసుకుందట. వాళ్ళింట్లో ఎవరూ ఆ మాంసం ముట్టలేదు కూడా! రాదు తాతా అని నచ్చచెప్పేసరికి అరగంట పట్టింది.

అసలు సంగతేంటంటే, సూక్ష్మజీవి తగలగానే మన కణం పైపొర నుంచి లోపల జన్యువులుండే న్యూక్లియస్ దాకా ఒక ప్రోటీన్ నుంచి ఇంకోదానికి కబురు వెళ్ళాలి, ఆ మధ్యలో కబురు మోసే మెక్ ప్రోటీన్లని ఆంత్రాక్స్ విషంలోని లీథల్ ఫ్యాక్టర్ కత్తెరేసినట్టు కట్ చేసేస్తుంది, ఇది 1998లోనే తేలిపోయింది. లోపల డీఎన్ఏ ఏమో హిస్టోన్లనే ఉండలకి దారంలా చుట్టుకుని ఉంటుంది, కబురు అందితే హిస్టోన్‌కి ఫాస్ఫేట్ తగులుకుని ఆ చుట్ట వదులై ఐఎల్-8 అనే జీన్ పనిలోకి దిగుతుంది, సూక్ష్మజీవుల్ని మింగేసే న్యూట్రోఫిల్ అనే తెల్లరక్తకణాల్ని రమ్మని పిలిచేది ఆ ఐఎల్-8యే. కబురు రాకపోతే చుట్ట బిగుసుకునే ఉంటుంది, పిలుపే వెళ్ళదు. అంతేగానీ జీన్‌లో ఒక్క అక్షరం కూడా మారదు, పిల్లలకి పోయేదేం లేదు.

భయపెట్టాలంటే భయపెట్టాల్సినవి వేరే ఉన్నాయి కదండీ. యాంటీబయాటిక్ బ్యాక్టీరియాని చంపుతుంది గానీ అప్పటికే ఒంట్లోకి వదిలిన విషాన్ని ఏం చెయ్యలేదు, అందుకే మొదట్లోనే ఆస్పత్రికి పోవాలి. చేతిమీద నల్లటి పక్కు కట్టిన పుండు నొప్పి పెట్టదు, నొప్పి లేదు కదా అని నా దగ్గరికొచ్చి ఆయింట్‌మెంట్ ఇమ్మంటారు. చచ్చిన మేకని కోస్తే గాలి తగిలి స్పోర్లు, అంటే గట్టి పెంకు కట్టుకుని నిద్రపోయే బ్యాక్టీరియా, తయారై అదే మట్టిలో ఏళ్ళ తరబడి ఉండిపోతాయి. ఐటమ్‌లో ఇవేవీ లేవు.

సవరణ వెయ్యండి, ఆ హెడ్డింగ్ సైజులోనే వెయ్యండి. కట్ చేసి షాపు అద్దానికి అంటిస్తాను, పెద్దాయన సోమవారం సంతకి మళ్ళీ వస్తానన్నాడు.

ఇట్లు,
ఒక మెడికల్ షాపు ఓనరు, నర్సీపట్నం