కార్తీక్‌కు అమ్మ ఉత్తరం

గుంటూరు

చిరంజీవి కార్తీక్‌కు,
అమ్మ ఆశీస్సులు.

మొన్న ఫోనులో నువ్వడిగిన ప్రశ్న నాలుగు ముక్కల్లో తేలేది కాదు. "జీ6పీడీ లోపం ఒళ్లంతా ఉన్నప్పుడు ఎర్ర రక్తకణాలే ఎందుకు చిట్లుతాయి?" అన్నావు. జీ6పీడీ అంటే కణాల్లో ఉండే ఒక ఎంజైము, నీకు తక్కువున్నది అదే.

ప్రాణవాయువు ఉన్నచోట కణాలను దెబ్బతీసే హైడ్రోజన్ పెరాక్సైడ్ లాంటివి పుడుతూనే ఉంటాయి. కణంలోని గ్లూటాథయోన్ అనే రక్షక పదార్థం వాటిని అణచి తాను ఖర్చవుతుంది. దాన్ని మళ్లీ పనికి సిద్ధం చేయాలంటే ఎన్‌ఏడీపీహెచ్ అనే సహాయక అణువు కావాలి. ఈ ఎన్‌ఏడీపీహెచ్‌ను తయారుచేసుకోవడానికి కాలేయ కణానికి వేరే దారులూ ఉన్నాయి. ఎర్ర కణానికి జీ6పీడీ ఒక్కటే దిక్కు. పైగా దానికి కేంద్రకం ఉండదు. అరిగిన ఎంజైమును మళ్లీ చేసుకోలేక, 120 రోజుల ఆయుష్షునూ ఉన్నదాంతోనే నెట్టుకురావాలి. నీకు ఆ ఉన్నదే తక్కువ.

కొత్తపేట ల్యాబులో పనిచేసినన్నాళ్లూ ఆ దెబ్బను కళ్లారా చూశాను. రక్తానికి మిథైల్ వయొలెట్ కలిపి సూక్ష్మదర్శిని కింద పెడితే, కణం లోపలి అంచుకు ఊదారంగు చుక్కలు అంటుకుని కనిపిస్తాయి. అది చెడి ముద్దకట్టిన హిమోగ్లోబిన్. ప్లీహం ఆ ముద్దను లాగేశాక కణం అంచు కొరికిన బిస్కెట్టులా మిగులుతుంది. ఆ స్లైడు ఎప్పుడు చూసినా నువ్వే గుర్తొచ్చేవాడివి.

మిగతా కణాలకు ఏమీ కాదని కాదు, వాటి నష్టం నెమ్మదిగా బయటపడుతుంది. కంటి కటకం నడిమి కణాలు మనం పుట్టకముందువి. వాటి ప్రోటీన్లు మారవు కాబట్టి దెబ్బలు ఏళ్లతరబడి పేరుకుని శుక్లం వస్తుంది. మెదడు ఒంటి బరువులో 2 శాతమే అయినా 20 శాతం ప్రాణవాయువును వాడుకుంటుంది. పోయిన నాడీకణం చోటికి కొత్తది రావడం దాదాపు లేదు. ఇన్సులిన్ చేసే బీటా కణాల్లో పెరాక్సైడ్‌ను విరిచే కాటలేజ్ బాగా తక్కువ.

నీ స్నేహితుడు చెప్పిన యాంటీ ఆక్సిడెంట్ మాత్రలు మాత్రం కొనవద్దు. అవి ఎంజైము లోటును పూడ్చలేవు. ఫిన్లాండ్‌లో పొగతాగేవారికి అలాంటిదే బీటా కెరోటిన్ అనే యాంటీ ఆక్సిడెంట్ ఇచ్చి చూస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా పెరిగిందని 1994లో తేలింది.

ఢిల్లీలో చలి మొదలవుతోంది. హాస్టల్లో ఇచ్చే రగ్గుకు కలరా ఉండల వాసన వస్తే కప్పుకోకు, నాన్నా. వాటిలోని నాఫ్తలీన్ నీకు పడదు. స్వెట్టర్లను వేపాకు వేసి పంపుతున్నాను. మలేరియాకు ప్రైమాక్విన్, మూత్రంలో మంటకు నైట్రోఫ్యూరంటోయిన్ రాయబోతే నీ సంగతి ముందే చెప్పు. గట్టి జ్వరం వచ్చినా కణాలు చిట్లవచ్చు. మూత్రం నల్లబడినా, కళ్లు పచ్చబడినా వెంటనే ఆసుపత్రికి వెళ్లు. అప్పుడు చేసిన పరీక్షలో ఎంజైము సరిపడా ఉందని వచ్చినా నమ్మవద్దు. ముసలి కణాలు పోయి, ఎంజైము ఎక్కువున్న లేత కణాలు మిగిలినందువల్ల అలా వస్తుంది. మూడు నెలలాగి మళ్లీ చేయించాలి. పాత రిపోర్టు నకలు ఈ కవర్లోనే ఉంది, పర్సులో పెట్టుకో.

ప్రేమతో,
అమ్మ