మాట నొప్పిస్తే పోలీసులే దిక్కా?

సంపాదకులకు నమస్కారం.

ఎవరో ఏదో అనడం, ఇంకెవరో మనోభావాలు దెబ్బతిన్నాయంటూ స్టేషన్‌కు వెళ్లడం రోజూ చూస్తున్నాం. నొప్పించే మాటలన్నిటికీ గట్టి చట్టం తేవాలన్న వాదన వింటే నాకు భయమేస్తోంది. మాట ఎంత నొప్పిస్తుందో తెలియక అనడం లేదు.

చిన్నప్పుడు పోలియో వచ్చి నా ఎడమకాలు చచ్చుబడింది. బడిలో అందరికీ నేను 'కుంటోడు'నే. ఒక మాస్టారు హాజరు కూడా అలాగే పిలిచేవారు. క్లాసంతా నవ్వేది. నేను లేచి 'ప్రెజెంట్ సార్' అనేవాణ్ణి. పలకకపోతే ఆబ్సెంట్ వేస్తారు మరి. అందుకే, మాటలు చూసుకుని మాట్లాడమంటే 'పొలిటికల్ కరెక్ట్‌నెస్' అని వెక్కిరించేవాళ్లతో నాకు పేచీ ఉంది. అలా పిలిపించుకుని ఉంటే వాళ్లు ఇంత తేలిగ్గా తీసిపారేయరు.

అయినా ఏ మాట తప్పో తేల్చే పెత్తనం పోలీసులకు వద్దు. ఒకసారి ఇచ్చి చూశాం. ఐటీ చట్టం 66ఏ సెక్షన్ కింద చికాకు పెట్టడానికి మెసేజ్ పంపినా మూడేళ్ల దాకా జైలే. 2012లో మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో, ఒక నాయకుడు చనిపోతే బంద్ ఎందుకని ఫేస్‌బుక్‌లో రాసిన అమ్మాయినీ, దానికి లైక్ కొట్టిన స్నేహితురాలినీ అరెస్టు చేశారు. సుప్రీంకోర్టు 2015 మార్చి 24న ఆ సెక్షన్‌ను కొట్టేసింది. ఆ తర్వాతా దాని కింద కేసులు ఆగకపోతే 2022లో మళ్లీ ఆదేశాలివ్వాల్సి వచ్చింది. చికాకుకు కొలత ఏముంది? పలుకుబడి ఉన్నవాడి చికాకే నేరమవుతుంది. హాజరు పట్టీ దగ్గర తల దించుకున్న పిల్లాడి ఫిర్యాదు ఎవరు తీసుకుంటారు?

చట్టమే వద్దనడం లేదు. హింసకు ఉసిగొల్పినా, బెదిరించినా, ఎస్సీ, ఎస్టీలను కులం పేరుతో నలుగురిలో అవమానించినా శిక్ష ఉండాల్సిందే. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 92వ సెక్షన్ ప్రకారం, వైకల్యం ఉన్నవారిని కావాలని నలుగురిలో అవమానిస్తే ఆరు నెలల నుంచి ఐదేళ్ల జైలు. ఎవరికో కోపం వచ్చిందంటే సరిపోదు, కించపరచాలన్న ఉద్దేశం రుజువు కావాలి. గీత అక్కడ గీస్తే నాకు అభ్యంతరం లేదు.

ఎనిమిదో తరగతిలో కొత్తగా వచ్చిన తెలుగు టీచర్ నా పూర్తి పేరు చదివారు. వెనక నుంచి ఒకడు 'కుంటోడు టీచర్' అన్నాడు. ఆవిడ తిట్టలేదు. వాడు లేచి నా పేరు చెప్పేదాకా హాజరు ఆపేశారు. నెల తిరిగేసరికి సగం క్లాసు నన్ను పేరుతోనే పిలిచేది. మిగతా సగానికి ఇంకో ఏడాది పట్టింది.

గుడ్డి నమ్మకం, చెవిటివాడి ముందు శంఖం లాంటి మాటల్ని భాషలోంచి తుడిచేయమని నేను అడగను. మా అమ్మ సామెత లేకుండా మాట్లాడేది కాదు. మిమ్మల్ని అడిగేది ఒక్కటే. ప్రమాద వార్తల్లో, నేర వార్తల్లో మనిషిని 'కుంటివాడు', 'మూగ మహిళ' అని హెడ్డింగ్ పెట్టకండి. వైకల్యం ఆ వార్తకు అవసరమైతే లోపల రాయండి, లేకపోతే వదిలేయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు