కాగితం ఎక్కడ ఆగింది?

నల్లగొండ,
ఆదివారం

ప్రియమైన శీనూ,

ఫోనులో మొదలుపెడితే సగంలోనే నీకు ఏదో పని పడుతుంది. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. "ఎమ్మెల్యే క్యాంపు ఆఫీసులో ఏముంటుందిరా, వచ్చినవాళ్లకు లెటర్‌ప్యాడ్ మీద సంతకం చేయించి పంపడమే కదా" అన్నావు మొన్న. నీ మీద కోపం రాలేదు కానీ, ఆ మాట మనసులో ఉండిపోయింది. మా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది అచ్చంగా అలాగే అనుకుని వస్తారు. ఆ ఉత్తరం చేతిలో పడితే చాలు, పని అయిపోయినట్టే అని వాళ్ల నమ్మకం.

సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే ప్రజావాణి ఉంటుంది కనుక మా దగ్గర కాస్త పలచగా ఉంటుంది. మిగతా రోజుల్లో నేను బస్సు దిగేసరికే గేటు దగ్గర జనం ఉంటారు. తండాల నుంచి మొదటి బస్సుకు వచ్చినవాళ్లు మెట్ల మీదే సద్దన్నం తింటూ కనిపిస్తారు. అందరి చేతిలోనూ ఒక ప్లాస్టిక్ కవరు. అందులో ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాసుపుస్తకం, ఎప్పటిదో తెలియని మీసేవ రసీదు, మడతల దగ్గర చిరిగిన జిరాక్సులు. నా పని ఆ కవరు విప్పడంతో మొదలవుతుంది. అన్నీ బల్ల మీద పరిచి ఒక్కొక్కటీ చదవాలి. జవాబు చాలాసార్లు అందులోనే ఉంటుంది.

ఒకటి చెబుతాను. తహసీల్దారు చేయాల్సిన సంతకం ఎమ్మెల్యే చేయలేరు. 119 మంది సభ్యుల శాసనసభలో ఆయన ఒకరు. చట్టం చేసే చోట కూర్చుంటారు గానీ, మండల కార్యాలయంలో ఫైలు మీద ఆర్డరు వేసే అధికారం ఆయనకు లేదు. అడిగే హక్కు ఉంది. మా ఆఫీసు నుంచి ఫోను చేస్తే అవతల జవాబు చెప్పేవాళ్లు ఉంటారు, అదీ మా బలం. మామూలు మనిషి అడిగితే "రేపు రా" అనే చోట, మేం అడిగితే ఫైలు ఏ బల్ల మీద ఉందో చెబుతారు. ఆ ఒక్క ముక్క తెలిస్తే సగం పని అయినట్టే.

పేదింటి ఆడపిల్ల పెళ్లికి సర్కారు ఇచ్చే సాయం, కల్యాణలక్ష్మి సంగతే చూడు. 2014లో రూ.51,000తో మొదలై, 2018 నుంచి రూ.1,00,116 అయింది. మీసేవలో దరఖాస్తు పెడితే తహసీల్దారు విచారణ చేయిస్తారు, ఎమ్మెల్యే ఆమోదం కావాలి, ఆర్డీఓ (రెవెన్యూ డివిజన్ అధికారి) మంజూరు చేయాలి, ఆ తర్వాత ట్రెజరీ. చెక్కు పెళ్లికూతురి తల్లి పేరు మీద వస్తుంది. ఈ మధ్య ఒకావిడ వచ్చింది. కూతురి పెళ్లయి బిడ్డ కూడా పుట్టింది, చెక్కు మాత్రం రాలేదు. "మేం ఓటు వేయలేదని ఎవరో చెప్పారట, అందుకే సారు సంతకం పెట్టడం లేదు" అని ఏడ్చింది. కవరు విప్పి చూస్తే ఆధార్‌లో ఆమె పేరు లక్ష్మమ్మ, బ్యాంకు పుస్తకంలో లక్ష్మి. విచారణకు వచ్చిన ఆర్‌ఐ (రెవెన్యూ ఇన్‌స్పెక్టర్) అదే రాసి పక్కన పెట్టారు. అది మా దాకా రానే లేదు, సారు ఆపిందీ లేదు. కానీ ఆ మాట ఆమెకు చెప్పినవాళ్లే లేరు. అన్ని నెలలూ ఊళ్లో ఎవరికో కోపం ఉందనే భయంతో బతికింది. బ్యాంకులో పేరు సరిచేయించుకోవాలని చెప్పి, మా కుర్రాణ్ణి తోడిచ్చి పంపాను. చెక్కు వచ్చిందన్న సంతోషం కన్నా, తన మీద పగ లేదని తెలిసినప్పుడు ఆమె ముఖంలో వచ్చిన తేట నాకు ఎక్కువ గుర్తుంది.

భూమి గొడవలైతే చెప్పనక్కర్లేదు. 2020లో వీఆర్వోలను, అంటే గ్రామ రెవెన్యూ అధికారులను తీసేశాక, ఏ సర్వే నంబరు ఎవరి సాగులో ఉందో చెప్పే మనిషి ఊళ్లో లేకుండా పోయాడు. అదే ఏడాది భూముల రికార్డులకు ధరణి పోర్టల్ వచ్చింది. పాసుపుస్తకంలో అర ఎకరం తగ్గినా, పట్టా భూమి రిజిస్ట్రేషన్ చేయని నిషేధిత జాబితాలో పడినా, సివిల్ కోర్టుకు వెళ్లమనేవారు. అర ఎకరం రైతు కోర్టు ఖర్చు ఎక్కడ భరిస్తాడు? ఇప్పుడు దాని స్థానంలో వచ్చిన భూభారతి చట్టంలో ఆర్డీఓకు, కలెక్టర్‌కు అప్పీలు చేసుకునే దారి పెట్టారు, ఊళ్లకు గ్రామ పాలనాధికారులూ వచ్చారు. నాకైతే ఈ మార్పు మీద ఆశ ఉంది. కాకపోతే దారి ఉందని రైతుకు తెలియాలి కదా! మేం చేసేది అదే. ఏ కాగితం ఎవరికి ఇవ్వాలో రాసి ఇస్తాం, అర్జీ ఇచ్చినచోట రసీదు అడిగి తీసుకోమంటాం. ఎన్నాళ్లకూ జవాబు రాకపోతే సమాచార హక్కు కింద అడగమంటాం. తెల్లకార్డు ఉన్నవాళ్లకు దానికి రుసుము కూడా లేదు.

మన జిల్లాకు ప్రత్యేకమైన బాధ ఒకటుంది, నీకు తెలిసిందే. కృష్ణా నీళ్లు నల్లాల్లో వస్తున్నాయి, సంతోషమే. కానీ చిన్నప్పటి నుంచి ఫ్లోరైడ్ బోరునీళ్లు తాగిన ఎముకలు మళ్లీ నిటారు కావు. నడుము వంగి, మెడ తిరగని ఒక పెద్దాయన వచ్చాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేకపోయాడు, బల్ల అంచు పట్టుకుని నిలబడే మాట్లాడాడు. వికలాంగుల పింఛను రూ.4,016 రావాలంటే వైకల్యం ఎంతో డాక్టర్లు తేల్చి ఇచ్చే సదరం సర్టిఫికెట్‌లో కనీసం 40 శాతం ఉండాలి. సదరం శిబిరానికి ముందుగా స్లాటు తీసుకోవాలి. స్లాట్లు తెరిచిన కాసేపటికే అయిపోతాయి. చూడగానే తెలిసే బాధకు ఆయన స్లాటు కోసం తిరగాల్సి వచ్చింది. ఆ రోజు నాకు నిజంగా కోపం వచ్చింది. ఆసుపత్రి వాళ్లతో మాట్లాడి తేదీ ఖాయం చేయించాం. అయితే అదొక్కటే చాలదు. ఇలాంటివన్నీ ఊరు పేరుతో సహా రిజిస్టరులో రాసుకుంటాను. ఒకే ఇబ్బంది పది ఊళ్ల నుంచి వస్తే సారు జిల్లా సమీక్షలో లేవనెత్తుతారు. ఒక్కరి పనికి ఫోను సరిపోతుంది, పదిమంది పనికి పద్ధతే మారాలి.

గేటు బయట దళారులు కూడా ఉంటారు. ఉచితంగా జరిగే పనికి రెండు మూడు వేలు తీసుకుంటారు. మా ఆఫీసులో ఎవరికీ పైసా ఇవ్వనక్కర్లేదని బోర్డు పెట్టించాం. అయినా ఆగలేదు. అడిగితేనే గానీ చెప్పని ఆఫీసులు ఉన్నంతకాలం వాళ్లకు గిరాకీ ఉంటుంది.

ఇక మీ చిన్నమ్మ గుండె ఆపరేషన్ సంగతి. ముందు ఆ ఆసుపత్రిలో ఆరోగ్యశ్రీ వర్తిస్తుందేమో అడుగు. 2023 డిసెంబర్‌లో పరిమితిని రూ.5 లక్షల నుంచి రూ.10 లక్షలకు పెంచారు. వర్తించకపోతే, హైదరాబాద్‌లోని సర్కారు ఆసుపత్రి నిమ్స్‌లో చేయించేటట్టయితే చికిత్సకు ముందే అక్కడి ఖర్చు అంచనా కాగితం తీసుకుని రా. దాంతో ఎల్‌ఓసీకి, అంటే ఖర్చు సర్కారు ఇస్తుందని ఆసుపత్రికి ముందే ఇచ్చే హామీ పత్రానికి, సిఫారసు పంపిస్తాం. బయట ప్రైవేటులో చేయిస్తే మాత్రం ముఖ్యమంత్రి సహాయనిధి. దానికి డిశ్చార్జి కాగితం, బిల్లులు అసలువే కావాలి. వెనక దొంగ బిల్లుల గొడవ జరిగింది కనుక ఆసుపత్రితో సరిచూస్తారు. 2024 నుంచి దరఖాస్తు ఆన్‌లైన్లో మా ఆఫీసు నుంచే ఎక్కిస్తున్నాం. ఒక సెట్టు జిరాక్సులు నీ దగ్గర ఉంచుకో. పెట్టిన ఖర్చంతా వస్తుందని మాత్రం చిన్నమ్మకు చెప్పకు, కొంత భాగమే వస్తుంది.

ఇంకోటి, పనిచేసే ఫోను నంబరు ఇవ్వు. చెక్కు గడువు మూడు నెలలే. నంబర్లు మారిపోయి, మనుషులు దొరకక మేం ఊళ్లెంబడి తిరిగి ఇచ్చిన చెక్కులున్నాయి.

బాబాయిని గురువారం పంపు, పొద్దున్నే వస్తే మంచిది. ఆధార్‌లో, బ్యాంకు పుస్తకంలో చిన్నమ్మ పేరు ఒకేలా ఉందో లేదో ఈ రాత్రే చూసి నాకు చెప్పు.

నీ
యాదగిరి